‘ఎందుకు పంపావ్?’ అని చట్టం అడగదు

రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగితే ముందు ఊళ్లో పెద్దవాళ్లే గుర్తొస్తారు. ఆ రాత్రి చేసింది మా పాత వీధిలో ఉండే ఒకావిడ కూతురు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటోంది. “ఆంటీ, మీకు తెలిసిన లాయరుగారు ఎవరైనా ఉన్నారా?” అంది. ఎందుకమ్మా అంటే కాసేపు మాట లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. “మా అమ్మకి చెప్పకండి ఆంటీ” అంది.

రెండేళ్ల పరిచయం, పెళ్లి దాకా వెళ్లిన మాటలు. నాలుగు నెలల కిందట తనే వద్దనుకుంది. అప్పట్నుంచీ అతను అప్పుడప్పుడూ మెసేజ్ పెట్టేవాడు: ‘నీ ఫొటోలు నా దగ్గరే ఉన్నాయి, గుర్తుంచుకో’. ఊరికే బెదిరిస్తున్నాడులే అనుకుంది. ఆ సాయంత్రం ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఒక లింకు పంపి, ‘ఇది నువ్వేనా?’ అని అడిగింది. ఫొటోల కింద ఈమె పేరు, పనిచేసే కంపెనీ పేరు ఉన్నాయి.

ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. నేనన్న మొదటి మాట మాత్రం మార్చడం లేదు. “నువ్వెందుకు పంపావమ్మా?” అన్నాను. అవతల ఊపిరి బిగబట్టినట్టు తెలిసింది. అమ్మ అదే అడుగుతుంది, హాస్టల్ వార్డెన్ అదే అడుగుతుంది, స్టేషన్‌లో రైటరూ అదే అడుగుతాడు. నేనూ అదే అడిగాను. ఆ తర్వాత చట్టం పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే తెలిసింది, ఆ ప్రశ్న వాటిలో ఎక్కడా లేదని.

ఒక చిన్న వివరణ

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సు ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ వేశారు. మరుసటి ఏడాది ఐపీసీని సవరించి 354సి అనే సెక్షన్ చేర్చారు. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడటం, ఫొటో తీయడం, ఆ ఫొటో పంచడం నేరమని అది చెప్పింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఆ సెక్షనే 77 అయింది. పాతదాంట్లో ‘ఏ పురుషుడైనా’ అని ఉన్నచోట కొత్తదాంట్లో ‘ఎవరైనా’ అని వచ్చింది. అంటే ఈ పని చేసింది ఆడవాళ్లయినా నేరమే.

ఆ సెక్షన్ కింద రెండో వివరణ ఒకటి ఉంది. మన ఇళ్లలో జరగాల్సిన చర్చంతా అందులోనే ఉంది. ఫొటో తీయడానికి ఆమె ఒప్పుకుని ఉండొచ్చు. దాన్ని మూడో మనిషికి చూపించడానికి ఒప్పుకోకపోతే, అలా పంచడం నేరమే. ఒక మనిషిని నమ్మి ఇచ్చిన ఫొటో ఊరందరికీ ఇచ్చినట్టు కాదు. బంగారం దాచమని తెలిసినవాళ్లకిస్తే వాళ్లు అమ్ముకున్నారనుకోండి, ‘నువ్వెందుకిచ్చావ్’ అని అడిగి ఊరుకుంటామా? ఒప్పుకోలు దేనికి, ఎవరికి, ఎంతవరకు అన్నదే ఇక్కడ లెక్క.

శిక్ష మొదటిసారి ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా, రెండోసారి మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా. దీనితోపాటు 2000 నాటి ఐటీ చట్టంలో 66ఇ ఉంది. ఒక వ్యక్తి శరీరంలోని మరుగు భాగాల్ని అనుమతి లేకుండా ఫొటో తీసినా, ప్రచురించినా, పంపినా మూడేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సెక్షన్ 77 స్త్రీలను మాత్రమే కాపాడుతుంది. 66ఇ మాత్రం ‘ఏ వ్యక్తి అయినా’ అంటుంది. వీడియో కాల్‌లో బట్టలు విప్పించి, రికార్డు చేసి, డబ్బు గుంజుతున్న ముఠాల చేతిలో పడ్డ కుర్రాళ్లకు, రిటైరైన మగవాళ్లకు ఆ మాట అక్కరకొస్తుంది. వాళ్లు సిగ్గుతో నోరు మెదపరు. అడిగిన డబ్బు కడుతూనే పోతారు.

ఇంకా ఏదీ బయటికి రాలేదు, బెదిరింపు మాత్రమే వచ్చింది అంటారా? అప్పటికే నేరం జరిగిపోయింది. న్యాయ సంహితలో 351 నేరపూరిత బెదిరింపు. స్త్రీ శీలం మీద నింద వేస్తామని బెదిరిస్తే శిక్ష ఏడేళ్ల దాకా ఉండొచ్చు. డబ్బు గుంజితే 308 కూడా తోడవుతుంది. ‘గుర్తుంచుకో’ అన్న ఆ మెసేజ్ వచ్చిన రోజే ఈ అమ్మాయి స్టేషన్‌కి వెళ్లి ఉండొచ్చు. వెళ్లొచ్చని ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

పగ అనే మాట

దీన్ని మన టీవీలు, పేపర్లు ‘రివెంజ్ పోర్న్’ అంటూ వచ్చాయి. నాకు ఆ రెండు మాటలూ కిట్టవు. పగ తీర్చుకోవాలంటే ముందు అవతలివాళ్లు ఏదో ద్రోహం చేసి ఉండాలి. వద్దనుకోవడం ద్రోహమా? రెండో మాట ఇంకా ఘోరం. ఒక మనిషి నుంచి దొంగిలించిన బతుకుని బూతుబొమ్మల దుకాణంలో వస్తువుగా లెక్కేస్తుంది. పిల్లల విషయంలో సుప్రీంకోర్టు ఈ సంగతి పట్టించుకుంది. 2024 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులో, పిల్లలపై లైంగిక అకృత్యాల చిత్రాలను ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అని రాయవద్దని కోర్టులన్నింటికీ చెప్పింది. పెద్దవాళ్ల విషయంలో ఆ దిద్దుబాటు ఇంకా జరగాల్సి ఉంది.

మాటతో చట్టం ఎలా దారి తప్పుతుందో బ్రిటన్ చూసింది. అక్కడ 2015లో చేసిన చట్టం, బాధితులకు మనస్తాపం కలిగించాలనే ఉద్దేశం ఉంటేనే నేరమంది. ‘స్నేహితులకు సరదాగా చూపించా, ఆమెను బాధపెట్టాలని కాదు’ అనడానికి అక్కడ సందు దొరికింది. 2023 నాటి ఆన్‌లైన్ భద్రతా చట్టంతో ఆ షరతు లేకుండానే నేరంగా పరిగణించే సెక్షన్ తెచ్చుకున్నారు. మన 77 మొదటి నుంచీ పగ ఉందా లేదా అని చూడలేదు. ఇక్కడ మన చట్టమే ముందుంది.

కానీ మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. పోలీసులు ఎక్కువగా పట్టుకునేది ఐటీ చట్టంలోని 67, 67ఎ సెక్షన్లను. 67 అశ్లీల సమాచారం గురించి, 67ఎ లైంగిక చర్యను స్పష్టంగా చూపే సమాచారం గురించి. 67ఎ కింద మొదటి నేరానికే అయిదేళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. బెయిలు హక్కుగా రాదు. అందుకే పోలీసులకు అది బలమైన ఆయుధం. నిజమే. అయితే ఆ రెండు సెక్షన్లూ అడిగేది ‘ఇది బూతా?’ అని. ‘ఆమె ఒప్పుకుందా?’ అని కాదు. ఫలితం ఏమిటంటే, తన ఫొటో తానే పంపిన అమ్మాయి ‘నన్ను కూడా కేసులో ఇరికిస్తారేమో’ అని వణుకుతుంది. బెదిరించేవాడు కూడా అదే అంటాడు: ‘వెళ్లు, నీ మీదే కేసవుతుంది.’ ఫిర్యాదు రాసేటప్పుడు 77, 66ఇ సెక్షన్ల పేరెత్తి, ‘నా సమ్మతి లేకుండా’ అన్న మాట మొదటి పేరాలోనే రాయమని ఆ అమ్మాయికి లాయరు చెప్పింది ఇందుకే.

67, 67ఎ సెక్షన్లలో ‘ప్రచురించినా, పంపినా’ అని ఉంది. వాట్సాప్ గ్రూపులో ‘ఎవరో అమ్మాయట, చూశారా?’ అంటూ ముందుకు తోసిన మనిషి కూడా పంపినవాడే. గ్రూపులో ఎవరో పెట్టినదానికి అడ్మిన్‌ని బాధ్యుణ్ని చేయలేమని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి. ఫార్వర్డ్ చేసినవాళ్లకు అలాంటి మినహాయింపు ఎవరూ ఇవ్వలేదు. చదువుకున్నవాళ్లు, పిల్లల తండ్రులు ఈ పని చేస్తూ ఉండటం నాకు కోపం తెప్పిస్తుంది.

జిరాక్స్ షాపు ముందు

స్టేషన్‌లో ఆమెను ప్రింట్లు తెమ్మన్నారు. పెన్‌డ్రైవ్ చేత్తో పట్టుకుని జిరాక్స్ షాపు దాకా వెళ్లింది. లోపల కుర్రాడు ఎవరివో ఆధార్ కార్డులు ప్రింటు తీస్తున్నాడు. వెనక లైన్లో నలుగురు. తన ఫైలు తెరిస్తే ఆ కంప్యూటర్ తెర మీద ఏం కనిపిస్తుందో ఆమెకు తెలుసు. ఇరవై నిమిషాలు నిలబడి వెనక్కొచ్చేసింది. ఆ తర్వాత లాయరమ్మ తన ఆఫీసు తలుపు వేసి, తన ప్రింటర్ మీదే తీసిచ్చింది. కవర్లో పెట్టి సీలు వేసింది.

చిన్న సంగతిలా ఉంటుంది. కానీ చాలా ఫిర్యాదులు ఆ షాపు ముందే ఆగిపోతాయని నాకనిపిస్తుంది.

నిజానికి కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత ఆమెకు కొన్ని హక్కులిచ్చింది. 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపకూడదు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. 77 కింద ఫిర్యాదును స్త్రీ ఇస్తే దాన్ని మహిళా అధికారే నమోదు చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. ఐటీ చట్టం కింద నేరాలను ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి కాబట్టి ఎస్సైలు సైబర్ స్టేషన్‌కి వెళ్లమంటుంటారు. దర్యాప్తు అక్కడ చేసుకోవచ్చు గానీ, ఫిర్యాదు తీసుకోకుండా పంపడానికి అది సాకు కాదు. స్టేషన్‌కి వెళ్లే ధైర్యం లేకపోతే జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలకు సంబంధించిన నేరాలను పేరు చెప్పకుండా కూడా నమోదు చేయొచ్చు. తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి. మహిళల హెల్ప్‌లైన్ 181. లాయరు ఫీజు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ నంబరు 15100.

ఒక లోటు మాత్రం నన్ను బాధిస్తుంది. బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చెప్పే న్యాయ సంహిత 72వ సెక్షన్ అత్యాచారం, దాని సంబంధిత నేరాలకే వర్తిస్తుంది. 77 ఆ జాబితాలో లేదు. శరీరమే బహిరంగమైన అమ్మాయికి పేరు దాచుకునే హక్కు సెక్షన్ రూపంలో లేదన్నమాట. ఉన్న దారి ఒకటే. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో ఆదేశించినప్పుడు, లైంగిక నేరాల వంటి సున్నితమైనవాటిని పెట్టనక్కర్లేదని సుప్రీంకోర్టే చెప్పింది. ఆ మాట ఎత్తి చూపుతూ, ‘దీన్ని సున్నితమైన కేసుగా పరిగణించండి’ అని రాతపూర్వకంగా అడగాలి. ఈ అమ్మాయి అడిగింది. ఎఫ్ఐఆర్ ఆన్‌లైన్‌లోకి రాలేదు.

గంటల లెక్క

కేసు ఏళ్లు పడుతుంది. ఫొటో పాకడానికి గంటలు చాలు. పైగా 66ఇ, మొదటిసారి 77 రెండూ బెయిలు హక్కుగా వచ్చే నేరాలే. వాటి కిందే కేసు పెడితే అతను ఆ రోజే ఇంటికెళ్లొచ్చు. అందుకే నిందితుణ్ని పట్టుకోవడం ఒక పని, ఫొటోని దించడం ఇంకో పని. రెండూ ఒకేసారి మొదలుకావాలి.

2021లో వచ్చిన ఐటీ నిబంధనల్లో 3(2)(బి) అని ఒకటుంది. మరుగు భాగాల్ని, నగ్నత్వాన్ని, లైంగిక చర్యను చూపే ఫొటోల గురించి బాధితులు గానీ, వాళ్ల తరఫున ఇంకెవరైనా గానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని అది మొదట గడువు పెట్టింది; 2026లో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. మార్ఫింగ్ చేసినవి కూడా ఇందులోకే వస్తాయి. కోర్టు ఆర్డరు అక్కర్లేదు. పట్టించుకోని కంపెనీ, ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అని తప్పించుకునే ఐటీ చట్టం 79వ సెక్షన్ రక్షణ పోగొట్టుకుంటుంది. ఫిర్యాదుల అధికారి జవాబు నచ్చకపోతే కేంద్రం పెట్టిన అప్పీలు కమిటీకి 30 రోజుల్లో వెళ్లొచ్చు.

దించినవి మళ్లీ లేస్తాయి. బాధితులను తినేసేది ఇదే. ప్రతిసారీ ఆ అమ్మాయే వెతికి, ఆమే చూసి, ఆమే లింకు పంపాలా? 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ సుబ్రమణియం ప్రసాద్ ఈ ప్రశ్నకు జవాబిచ్చారు. ఒకసారి తీసేయాలని తేలిన చిత్రం కోసం బాధితురాలు పదేపదే లింకులు మోసుకురానక్కర్లేదని, దాన్ని గుర్తుపట్టి ఆపే పరిజ్ఞానం సెర్చ్ ఇంజిన్ల దగ్గర ఉందని అన్నారు. 2025 జులైలో మద్రాస్ హైకోర్టుకు ఒక మహిళా న్యాయవాది వచ్చారు. ఆమె వీడియోలను 48 గంటల్లో తొలగించాలని జస్టిస్ ఎన్.ఆనంద్ వెంకటేశ్ కేంద్ర ఐటీ శాఖను ఆదేశించారు. తీసేసినవి వేరే సైట్లలో మళ్లీ పైకి తేలాయి. ఆ కేసు సాగుతుండగానే నవంబరులో కేంద్రం ఇలాంటి ఫిర్యాదుల కోసం ప్రత్యేక కార్యవిధానం తెచ్చింది. చట్టం తెలిసిన మనిషే అన్నిసార్లు కోర్టు మెట్లెక్కాల్సి వస్తే మామూలు అమ్మాయి గతేమిటి?

గుర్తుపట్టే ఆ పరిజ్ఞానానికి ఆధారం హ్యాష్. ఫొటోకి వేలిముద్ర లాంటిది. అంకెలు, అక్షరాల వరస ఒకటి. 2021 డిసెంబరులో మొదలైన స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. మన ఫోన్లో ఉన్న ఫొటోని ఎంచుకుంటే ఆ ముద్ర ఫోన్లోనే తయారవుతుంది. ఫొటో గడప దాటదు, ముద్ర మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి కంపెనీలకు వెళ్తుంది. అదే ఫొటో అక్కడ ఎవరు పెట్టబోయినా దొరికిపోతుంది. ఇంకా బయటికి రాకముందే, బెదిరింపు దశలోనే వాడుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ‘టేక్ ఇట్ డౌన్’ అనే వేరే సేవ ఉంది. అయితే ఈ ఏర్పాటులో చేరని సైట్లకు ఇవేవీ పట్టవు. వాట్సాప్‌లో చేతులు మారేవాటినీ ఇవి పట్టలేవు.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ 2025 మే 19న టేక్ ఇట్ డౌన్ పేరుతోనే చట్టం వచ్చింది. ఇలా పంచడం, పంచుతానని బెదిరించడం రెండూ ఫెడరల్ నేరాలయ్యాయి. ఫిర్యాదు అందిన 48 గంటల్లో కంపెనీలు తీసేయాలి.

కోర్టులో ఏమంటారు

డిఫెన్స్ లాయర్లు వాడే అస్త్రాలు మూడు నాలుగే. ఆమే ఇచ్చింది. ఆ అకౌంటు నాది కాదు. నా ఫోన్ హ్యాకైంది. సర్టిఫికెట్ లేదు.

మొదటిదానికి రెండో వివరణ జవాబు చెప్పేసింది. ఆమె ఎలాంటిది, ఇంతకుముందు ఎవరితో తిరిగింది అంటూ లాగబోతే కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 48వ సెక్షన్ అడ్డు నిలుస్తుంది. సమ్మతి తేల్చేచోట బాధితురాలి నడవడి, గత సంబంధాలు పరిగణనలోకి రావు. అకౌంటు ఎవరిదన్నది ఐపీ అడ్రసు, సిమ్ వివరాలు, ఫోన్ ఐఎంఈఐ నంబరుతో తేలుతుంది.

కేసులు జారిపోయేది నాలుగోదాని దగ్గర. అసలు ఫోన్‌ని కోర్టు ముందు పెట్టకుండా ప్రింట్లు, పెన్‌డ్రైవ్ ఇస్తే ధ్రువపత్రం తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడది సాక్ష్య అధినియమం 63(4) కింద వస్తుంది. ఆ ఫారం నేను చూశాను. ఫోన్ కంపెనీ, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ, కింద హ్యాష్ విలువ. ఒక భాగం ఇచ్చేవాళ్లు నింపాలి, రెండోది నిపుణులు. కంగారులో, అవమానంలో ఆ అమ్మాయి అప్పటికే చాట్ మొత్తం చెరిపేసి ఉంటే నింపడానికి ఏమీ మిగలదు. బాధితులు చేసే మొదటి పని చెరిపేయడమే. అది చేయొద్దు. లింకు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, చాట్‌ని అలాగే ఉంచి, అప్పుడు బ్లాక్ చేయాలి.

సాక్ష్యం సరిగా ఉంటే ఎంత తొందరగా తేలుతుందో పశ్చిమ బెంగాల్లోని తమ్లుక్ కోర్టు చూపించింది. ప్రేమ వద్దన్న అమ్మాయి ఫొటోలను, వీడియోలను ఆమె పేరుతో, తండ్రి పేరుతో సహా నెట్‌లో పెట్టాడొక ఇంజినీరింగ్ విద్యార్థి. 2017లో కేసు. 2018 మార్చిలో తీర్పు: అయిదేళ్ల జైలు, 9 వేల జరిమానా. పరిహారం విషయంలో ఆ అమ్మాయిని అత్యాచార బాధితురాలితో సమానంగా చూడాలని కోర్టు చెప్పింది. దేశంలో ఇలాంటి నేరానికి పడిన మొదటి శిక్షగా దాన్ని చెప్పుకుంటారు. 2020లో ఒడిశా హైకోర్టులో జస్టిస్ ఎస్.కె.పాణిగ్రాహి ఇలాంటి ఒక కేసులో బెయిలు నిరాకరిస్తూ, జనం తనను మరిచిపోవాలని కోరే హక్కు (రైట్ టు బీ ఫర్‌గాటెన్) గురించి మాట్లాడారు. నిందితుడికి శిక్ష పడినా ఆ చిత్రాలు ఎక్కడో ఉండిపోతే ఆమెకు దక్కిందేమిటి అన్నది ఆయన ఆవేదన.

అసలు ఫొటోయే లేకపోతే? 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరే యువతి వీడియోకి అతికించి వదిలారు. దేశమంతా డీప్‌ఫేక్ అన్న మాట అప్పుడే నేర్చుకుంది. రెండు నెలల తర్వాత ఢిల్లీ పోలీసులు వచ్చి పట్టుకున్నది మన గుంటూరు కుర్రాణ్ని. అభిమానుల పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికి చేశాడని పోలీసులు చెప్పారు. ఆ ముఖం తారది కాబట్టి కేసు కదిలింది. కాలేజీ అమ్మాయి ముఖమైతే కదలాల్సింది కూడా అంతే వేగంగా. కానీ 77లోని మాటలు నిజంగా జరిగిన దృశ్యం కోసం రాసినవి. యంత్రం పుట్టించిన బొమ్మకు అవి సరిగా అతకవు. ఐటీ చట్టంలోని 66డి, 67ఎ, ఇంకా ఫోర్జరీ, పరువునష్టం సెక్షన్లను అక్కడో ముక్క ఇక్కడో ముక్క తెచ్చి కుట్టాల్సి వస్తోంది. దానికి సూటిగా ఒక సెక్షన్ కావాలి. అందులో కూడా బూతు కాదు, సమ్మతే కొలబద్ద కావాలి.

ఆ అమ్మాయి ఫొటోలు పెద్ద సైట్ల నుంచి రెండో రోజుకే దిగాయి. రెండు చిన్న సైట్లు ఇప్పటికీ జవాబివ్వలేదు. చార్జిషీటు పడింది. అతని ఫోన్‌తో పాటు ఆమె ఫోన్ కూడా సాక్ష్యంగా తీసుకున్నారు. అది ఇంకా ఫోరెన్సిక్ ల్యాబులోనే ఉంది. సెకండ్‌హ్యాండ్‌ది కొనుక్కుని వాడుతోంది. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మకి తనే చెప్పిందట. ఆవిడ ఏమన్నదో నేను అడగలేదు. వచ్చే వాయిదాకి మాత్రం రాత్రి బస్సెక్కి ఆవిడా వస్తోంది.